విరిగిన ముక్కను పారేయకండి: రాతి రిపేరుపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే గోడు. నున్నగా మెరిసే రాయి, దాని మీద ఎక్కడో ఒక పెచ్చు, ఇక రోజూ కన్ను అక్కడికే పోతోంది. ఆ బాధ నాకు తెలుసు, ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నా ఎవరింటికి వెళ్లినా నా చెయ్యి ముందు వంటగట్టు అంచునే తడుముతుంది. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా వంటగట్టు నల్ల గ్రానైట్. బరువైన గిన్నె తగిలి సింక్ పక్కన అంచు మీద గోరంత పెచ్చు ఊడింది. ముక్క దొరికింది కానీ అది కూడా రెండయింది. మావారు సిమెంట్ పెట్టేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?

ముక్క దాచిపెట్టారు కాబట్టి సగం పని అయిపోయినట్టే. సిమెంట్ మాత్రం వద్దండీ. పాలిష్ రాయి మీద అంత పల్చగా పెట్టిన సిమెంట్ నిలవదు, నాలుగు రోజులకే అంచులు రాలడం మొదలవుతుంది, పైగా నల్లరాయి మీద బూడిదరంగు మచ్చ అసలు పెచ్చుకంటే ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ముక్కలు సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో జిగురు లేకుండా ఒకసారి పెట్టి చూడండి. ఒక్కసారే. చాలామంది పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, వేలితో నొక్కి నొక్కి చూస్తారు. విరిగిన చోట భూతద్దంతో చూస్తే సన్నటి పలుకులు కనిపిస్తాయి, అవి ఒకదానిలో ఒకటి ఇమిడిపోతేనే అతుకు కనపడకుండా పోతుంది. ముక్కను రుద్దారంటే ఆ పలుకులు పిండైపోతాయి, ఆ తర్వాత ఎంత మంచి జిగురు తెచ్చినా తెల్లటి గీత మిగిలిపోతుంది. అందుకే విరిగిన ముఖాన్ని సాండ్‌పేపర్‌తో అస్సలు ముట్టుకోకండి. పాత టూత్‌బ్రష్‌ని అసిటోన్‌లో ముంచి మెల్లగా జిడ్డు వదిలించండి చాలు. స్టవ్ ఆర్పేసి, కిటికీలు తెరిచి చేయండి, అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది.

తర్వాత ఆరబెట్టడం. సింక్ పక్కన రాయి పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. కనీసం ఒక రోజంతా అక్కడ చుక్క నీళ్లు పడకుండా చూసుకోండి. అతుకు ఊడిపోయిందని నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ వాటికి కారణం ఈ తడే, జిగురు తప్పు కాదు.

జిగురు సంగతికొస్తే, నిమిషాల్లో పట్టే ఇన్‌స్టంట్ జిగురు ఇంత చిన్న ముక్కకి పనిచేస్తుంది, కానీ రోజూ నీళ్లు పడే చోట నేను మాత్రం ఎపాక్సీయే, అంటే రెండు డబ్బాల్లోవి కలిపి వాడే జిగురే, వాడతాను. పెద్ద ముక్క పెట్టి, జిగురు ఆరకముందే రెండోది కూడా పెట్టేయండి, అప్పుడు రెండూ ఒకదానికొకటి సర్దుకుంటాయి. విడిగా ముందే అతికించి ఉంచుకుంటే వెంట్రుకంత తేడా వచ్చినా గుంటలో కూర్చోవు. పైనుంచి మాస్కింగ్ టేప్ లాగి అంటించి ఒక రోజు వదిలేయండి. బయటికి ఉబికిన జిగురును తడిగా ఉన్నప్పుడు తుడవకండి, అతుకులోది కూడా గుడ్డకు వచ్చేస్తుంది. గట్టిపడ్డాక కొత్త బ్లేడును దాదాపు నిటారుగా పట్టుకుని గీకితే చక్కగా లేచిపోతుంది. గ్రానైట్ అనేది బ్లేడులోని ఉక్కుకంటే గట్టిది కాబట్టి గీత పడదు. ఇదే పని పాలరాయి మీద చేస్తే మాత్రం గీతలు పడతాయి, అది చాలా మెత్తన.

ముక్క దొరకనివాళ్లు ఇద్దరు ముగ్గురు ఇదే అడిగారు కాబట్టి వాళ్లకీ ఇక్కడే చెబుతాను. గుంటను రెసిన్‌తో, అంటే పోశాక గట్టిపడే జిగురులాంటి ద్రవంతో, నింపాలి, కష్టమంతా రంగు దగ్గరే. అదే రాయి పొడి కలిపితే అదే రంగు వస్తుందనుకుంటారు, రాదు. నల్ల గ్రానైట్‌ని నూరి చూడండి, బూడిదలా తెల్లగా వస్తుంది, కాబట్టి నల్ల పిగ్మెంట్ (రంగు పొడి) విడిగా కలపాల్సిందే. రాయి తడిసినప్పుడు ఏ రంగులో ఉంటుందో ఆ రంగుకి కలపండి, ఎందుకంటే రెసిన్ కూడా నీళ్లలాగే రాయి రంగును ముదురు చేస్తుంది. చుక్కలు చుక్కలుగా ఉండే రాయి అయితే అన్నీ కలిపి ముద్ద చేయకండి. అడుగున ముదురు రంగు పొర, దాని మీద రంగు లేని రెసిన్‌లో నాలుగు రాతి పలుకులు, మళ్లీ పల్చటి పొర, ఇలా వేస్తే రాయిలో ఉండే లోతు వస్తుంది. ఆఖరి పొర కాస్త ఉబ్బెత్తుగా పోసి, దాని మీద నున్నటి ప్లాస్టిక్ షీట్ ముక్క పరిచి వేలితో సమానంగా నొక్కండి. గట్టిపడ్డాక షీట్ లాగేస్తే దాని నునుపే రెసిన్‌కి వస్తుంది, పాలిష్ పని ఉండదు. మెరుపు చాలలేదని చుట్టూ ఉన్న గ్రానైట్‌ని సాండ్‌పేపర్‌తో రుద్దారో, గోరంత పెచ్చు అరచేయంత మచ్చ అవుతుంది.

ప్రశ్న: మూడు రోజులైనా రెసిన్ బంకబంకగానే ఉంది. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ (గట్టిపడటానికి కలిపే రెండో డబ్బాలోది) కాస్త ఎక్కువే వేశాను.

మీరు వాడింది ఎపాక్సీ అయి ఉంటుంది. పాలిస్టర్ అనే మరో రకం రెసిన్‌లో హార్డెనర్ 2, 3 శాతమే వేస్తారు, అది రసాయన చర్యను మొదలుపెట్టేది మాత్రమే, కాస్త ఎక్కువ పడితే వేడెక్కి తొందరగా గట్టిపడుతుంది, పెళుసవుతుంది. ఎపాక్సీ అలా కాదు. దానిలో రెండో డబ్బాలో ఉన్నది కూడా గట్టిపడిన జిగురులో భాగమే, కొలత ప్రకారం రెండూ ఒకదానితో ఒకటి కలిసిపోవాలి. ఎక్కువ వేస్తే ఆ ఎక్కువకు జత దొరకదు, ఎన్నాళ్లున్నా బంకగానే ఉంటుంది. ఇక ఎదురుచూడకండి, మొత్తం గీకేసి, అసిటోన్‌తో తుడిచి, ఆరబెట్టి మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి డబ్బా మీద కొలత బరువులో చెప్పాడా పరిమాణంలో చెప్పాడా చూసుకోండి, రెండూ ఒకటి కావు.

ప్రశ్న: పాలరాయి బల్ల మీద గ్లాసులు పెట్టిన చోట గుండ్రంగా పాలిపోయిన మచ్చలు. ఎంత తుడిచినా పోవు. ఇవి కూడా పెచ్చులేనా, ఏదైనా నింపాలా?

ఏమీ నింపక్కర్లేదు. అది మచ్చ కూడా కాదు, అందుకే తుడిస్తే పోవడంలేదు. పాలరాయి అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. పుల్లటిది ఏది పడినా, బాత్‌రూం కడిగే యాసిడ్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు, పైపొర కరిగిపోతుంది, దానిలోంచి కార్బన్ డయాక్సైడ్ లేచిపోతుంది. అక్కడ రాయే కాస్త తగ్గి గరుకైంది, వెలుతురు చెల్లాచెదురై మనకు పాలిపోయినట్టు కనిపిస్తోంది.

మళ్లీ పాలిష్ చేయడమే మార్గం. గోరుకు గరుకు తెలియని లేత మచ్చ అయితే మార్బుల్ పాలిషింగ్ పౌడర్, తడి గుడ్డ చాలు. లోతుగా ఉంటే నీళ్లు చల్లుకుంటూ 400 గ్రిట్ సాండ్‌పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) మొదలుపెట్టి 800, 1500, 3000 వరకు వెళ్లి, ఆ తర్వాత పౌడర్. మధ్యలో ఒక నంబరు దాటేయాలనిపిస్తుంది, దాటకండి, ముందు నంబరు పెట్టిన గీతలు చెరపడమే తర్వాత నంబరు పని. సీలర్ (మరకలు పట్టకుండా రాయికి పూసే ద్రవం) వేయించాం కదా, ఇలా ఎందుకైంది అని కూడా రాశారు. సీలర్ మరకలు లోపలికి ఇంకకుండా ఆలస్యం చేస్తుంది అంతే, యాసిడ్ రాయిని కరిగించకుండా ఆపలేదు. అన్నట్టు పెచ్చులు అతికించే పని ఏదైనా ఉంటే అది సీలర్‌కి ముందే చేయించండి, సీలర్ పీల్చుకున్న రాయికి జిగురు సరిగ్గా పట్టదు.

ప్రశ్న: సింక్ ముందున్న సన్నటి గ్రానైట్ పట్టీ నిలువునా పగిలింది. పోయినేడే ఒకాయన వచ్చి జిగురు పోసి వెళ్లారు, మళ్లీ అక్కడే పగిలింది. మంచి జిగురు ఏదో చెప్పండి.

మీకు ఇంకో జిగురు పేరు చెప్పి ఊరుకుంటే వచ్చే ఏడాది కూడా ఇదే ఉత్తరం రాస్తారు. రాయి అదే చోట రెండుసార్లు పగిలిందంటే దాని మీద ఏదో బరువు పడుతోంది, అదేంటో చూడకుండా అతికించడం వల్ల లాభం లేదు.

రాయికి నొక్కుడు ఎంతైనా తట్టుకునే శక్తి ఉంది, వంగడం మాత్రం దానికి చేతకాదు. సింక్ కోసం మధ్యలో అంత పెద్ద రంధ్రం కోశాక ముందు, వెనక మిగిలేది అరచేయంత వెడల్పు కూడా లేని పట్టీ. దానికి అడుగున ఆధారం లేకపోయినా, చెక్క అల్మరా ఒక పక్క కాస్త దిగినా, ఎవరైనా దాని మీద ఒరిగి బల్బు మార్చినా ఆ బరువంతా వెళ్లి సింక్ రంధ్రం మూలలో పడుతుంది. ఆ మూల కత్తిలా కోసి ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది, గుండ్రంగా తిప్పి కోసి ఉంటే బరువు పంచుకుంటుంది. ఒకసారి టార్చి పట్టుకుని సింక్ కింద పడుకుని పైకి చూడండి. రాయికీ అల్మరాకీ మధ్య సందు కనిపిస్తే, లేదా సింక్ బరువంతా రాయి మీదే వేలాడుతుంటే, కారణం దొరికినట్టే.

ఇంకో అనుమానం కూడా ఉంది. ఇలాంటి పట్టీలకు అడుగున గాడి కోసి లోపల ఇనుప చువ్వ పెట్టి రెసిన్‌తో మూసేస్తారు, బలం కోసం. అది మామూలు ఇనుమైతే సింక్ నీళ్లు తగిలి తుప్పు పడుతుంది, తుప్పు ఇనుముకంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, లోపలి నుంచే రాయిని చీల్చేస్తుంది. పగులు వెంట గోధుమరంగు చార ఉంటే ఇదే. ఇది పెద్ద పెద్దవాళ్లకీ జరిగింది. ఏథెన్స్ అక్రోపొలిస్ మీద పార్థెనాన్‌ని ప్రాచీన గ్రీకులు కట్టినప్పుడు పాలరాతి దిమ్మెలను ఇనుప బిగింపులతో కలిపి, ఆ ఇనుము చుట్టూ సీసం కరిగించి పోశారు, తుప్పు పట్టకుండా. 20వ శతాబ్దం మొదట్లో నికొలవోస్ బలానోస్ అనే ఇంజనీరు దాన్ని మరమ్మతు చేసినప్పుడు సీసం లేకుండానే ఇనుము వాడారు. కొన్ని దశాబ్దాల్లో ఆ ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, రెండు వేల ఏళ్లకు పైగా నిలబడిన పాలరాయి పగలడం మొదలైంది. తర్వాతి తరం వాళ్లు వాటన్నిటినీ తీసి టైటానియం కడ్డీలు పెట్టాల్సి వచ్చింది. నాకు ఈ పని నేర్పినాయన చువ్వ చేతికిచ్చే ముందు ప్రతిసారీ ఈ కథ చెప్పేవారు.

కాబట్టి ముందు కింద ఆధారం సరిచేయించండి, సింక్‌కి విడిగా బ్రాకెట్లు పెట్టించండి. తుప్పు చువ్వ ఉంటే తీయించి స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా ఫైబర్‌గ్లాస్ కడ్డీ వేయించండి. పాత జిగురు పూర్తిగా తీశాకే ఎపాక్సీ. బిగింపులు పెట్టేటప్పుడు బలమంతా ఉపయోగించి తిప్పకండి, మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేసి అతుకులో ఏమీ మిగలదు. రెండు పక్కలా సన్నటి తీగలా జిగురు ఉబికితే చాలు, అక్కడితో ఆపేయండి. గట్టిపడటానికి ఒక రోజు, పూర్తి బలం రావడానికి చాలా ఎపాక్సీలకు వారం పడుతుంది, ఆ వారం గట్టు మీద చేతులు ఆనించి నిలబడకండి.

ప్రశ్న: కొత్తగా వేయించిన రాయిలో సన్నటి గీత ఉంది. పగులు కదా అని అడిగితే, కాదు అది నెరియ, రాయిలో పుట్టుకతోనే ఉండే గీత, సహజమే అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

గోరు అడ్డంగా పోనివ్వండి. రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండి, పాలిష్ గీత మీదుగా అలాగే సాగిపోతుంటే అది చాలావరకు పుట్టుకతో వచ్చిందే. ఒక అంచు పైకి లేచినట్టు గోరుకు తగిలితే పగులు. ఇంకో పరీక్ష, తడిగుడ్డతో తుడిచి పక్కన కూర్చుని చూడండి, చుట్టూ రాయి ఆరిపోయాక కూడా గీత ఒక్కటీ ముదురుగా మిగిలితే లోపలికి నీళ్లు దిగుతున్నాయన్నమాట. నెరియలోకి కూడా కొద్దిగా దిగొచ్చు, అందుకే ఈ రెండో పరీక్ష ఒక్కదాన్నే నమ్మకండి. గీత రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి పక్కన తేదీ వేసి ఫొటో తీయండి. రెండు నెలల తర్వాత గుర్తు దాటితే వాదన అక్కర్లేదు.

ప్రశ్న: బయట మెట్లు ఇసుకరాయి. పొరలు పొరలుగా లేచిపోతున్నాయి. సిమెంట్ పూయించి పైన నీళ్లు దిగని కోటింగ్ వేయిస్తే?

దయచేసి ఆ రెండూ చేయించకండి. నేల నుంచి పైకి పాకే తడిలో లవణాలు ఉంటాయి. నీళ్లు ఆవిరైపోయాక ఆ లవణం రాతి రంధ్రాల్లోనే స్ఫటికాలుగా పెరిగి పైపొరను నెట్టేస్తుంది. మీరు పైన మూత వేస్తే తడి లోపలే చిక్కుకుంటుంది, ఈసారి పొర ఇంకా మందంగా లేస్తుంది. గట్టి సిమెంట్‌ది కూడా అదే తంటా, మెత్తటి రాయి పక్కన అది బండలా నిలబడి దెబ్బంతా రాయికే వదిలేస్తుంది.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అది ముందు ఆపండి, కారే పైపు కావచ్చు, మెట్టు పక్కన నిలిచే వాననీరు కావచ్చు. వదులుగా ఉన్న పొర బ్రష్‌తో రాలగొట్టి, చిన్న గుంటలను అదే రాయి పొడి కలిపిన సున్నపు మోర్టార్‌తో నింపించండి. అది రాయికంటే మెత్తగా ఉండాలి, రాలాల్సి వస్తే రేపు అదే రాలాలి. మూల మొత్తం పోతే అక్కడ చతురస్రంగా కోసి అదే రకం రాతి ముక్కను పొదిగించడం మేలు. ఆ ముక్కలో పొరలు నేలలో ఎలా పడుకుని ఉంటాయో అలాగే అడ్డంగా ఉండాలని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. నిలువుగా పెడితే పుస్తకం పేజీల్లా ఒక్కొక్కటీ ఊడొస్తాయి.

ప్రశ్న: తాతగారి కాలంనాటి చిన్న పాలరాతి బొమ్మ కిందపడి ఏడెనిమిది ముక్కలైంది. గట్టి జిగురుతో ఇవాళే అతికించేయాలని ఉంది.

ఇవాళ వద్దు. ముక్కలన్నీ, నేల మీద రాలిన నలుసులతో సహా, ఒక్కోటి విడిగా టిష్యూలో చుట్టి పెట్టెలో పెట్టండి, ఒకే సంచిలో పోస్తే ఒకదానికొకటి రాసుకుని అంచులు పోతాయి. 2002లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఇటలీ శిల్పి తుల్లియో లొంబార్దో చెక్కిన ఆదాము విగ్రహం పీఠం కూలి కిందపడింది. 15వ శతాబ్దపు నిలువెత్తు పాలరాతి విగ్రహం, పెద్ద ముక్కలు, నలుసులు కలిపి వందల్లో అయింది. వాళ్లు తొందరపడలేదు, విగ్రహం మళ్లీ నిలబడింది 2014లో. అంత బరువున్న దానికి కూడా వాళ్లు నమ్ముకున్నది పారలాయిడ్ బి-72 లాంటి, అసిటోన్ పోస్తే కరిగిపోయే యాక్రిలిక్ జిగురునే.

మీ బొమ్మకు కూడా అదే వాడండి. ఎపాక్సీతో ఒక ముక్క వంకరగా అతికితే మళ్లీ విడదీయడం చాలా కష్టం, ఆ ప్రయత్నంలో రాయే విరగొచ్చు, ఆఖరి ముక్కకు చోటు చాలక కూర్చుని ఏడవాల్సి వస్తుంది. కరిగే జిగురైతే తప్పు దిద్దుకోవచ్చు. జిగురు ముట్టుకోకముందే అన్ని ముక్కలకూ వరస నంబర్లు రాసిన టేపు అంటించుకోండి, ఏది ముందు పెడితే ఏది ఇరుక్కుపోతుందో కాగితం మీద తేల్చుకోండి. పక్కన గిన్నెలో ఇసుక పోసుకుని బొమ్మను దానిలో వాలుగా గుచ్చండి, అతుకు సరిగ్గా పైకి చూసేలా. ముక్క తన బరువుకు తనే కూర్చుంటుంది, మీరు చేత్తో పట్టుకోనక్కర్లేదు. ఇక పాతకాలపు విలువైన పని అని ఏమాత్రం అనుమానమున్నా మీరు చేయకుండా కన్సర్వేటర్‌కి, అంటే పాత కళావస్తువులను బాగుచేసే నిపుణులకి, చూపించండి.

ప్రశ్న: పగిలిన గ్రానైట్ అంచును ఇంట్లోనే చిన్న గ్రైండర్‌తో గుండ్రంగా అరగదీద్దామనుకుంటున్నా. టెన్షన్ పడాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. పొడిగా మాత్రం గ్రైండర్ ఆన్ చేయకండి. గ్రానైట్‌లో అయిదో వంతుకు పైగా క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం ఉంటుంది, ఫ్యాక్టరీలో చేసే క్వార్ట్జ్ పలకల్లో అయితే 90 శాతం దాకా. దాని సన్నటి ధూళి కంటికి కనపడదు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి మచ్చ కడుతుంది, దాన్నే సిలికోసిస్ అంటారు, వచ్చాక నయం చేసే మందు లేదు. ఒక్కరోజు పనికి రాదులే అనుకోవచ్చు, కానీ ఆ ధూళి గదిలో కర్టెన్లకూ పరుపులకూ పట్టి పిల్లలు నడిచినప్పుడల్లా లేస్తుంది. నాతో పనిచేసిన ఇద్దరు మెట్లెక్కలేక ఆగి ఆగి ఊపిరి తీసుకోవడం నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

మీకు కావాల్సింది పదునైన అంచు పోవడమే అయితే మెషీన్ అక్కర్లేదు. చేతితో పట్టే డైమండ్ ప్యాడ్ (వజ్రపు పొడి అద్దిన అరగదీసే పట్టీ) దొరుకుతుంది, నీళ్లు చల్లుకుంటూ 200 గ్రిట్ నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి, మూడు మిల్లీమీటర్ల వాలు తీస్తే చాలు, మళ్లీ గిన్నె తగిలినా అంత తేలిగ్గా పెచ్చు లేవదు. ఎన్95 మాస్కు పెట్టుకోండి. కారిన బురదను ఆరనివ్వకుండా తడిగుడ్డతోనే ఎత్తేయండి, ఆరాక చీపురు పట్టారంటే మళ్లీ ధూళే.